స్క్రిప్టు నుంచి ఫైల్ సర్వర్‌కు సురక్షితంగా చేరడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల ఉన్న జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, డయాగ్నస్టిక్ ల్యాబులు, గ్రానైట్ యూనిట్లు రోజూ రాత్రి ఏదో ఒక ఫైలును ఎక్కడికో పంపుతూనే ఉంటాయి. మిల్లు నుంచి బేళ్ల లెక్క కొనుగోలుదారుకు వెళ్తుంది, ల్యాబు నుంచి పరీక్షల ఫలితాలు హైదరాబాద్‌లోని ప్రధాన కార్యాలయానికి వెళ్తాయి. పంపేది మనిషి కాదు, స్క్రిప్టు, అంటే కంప్యూటరు తనంతట తానే నడిపే ఆదేశాల ఫైలు. అలాంటి స్క్రిప్టులు రాసేవాళ్లు, వాటిని కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్లు మమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఆదేశాల పేర్లను పలికినట్టే రాశాం. టైపు చేసేటప్పుడు మీ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌ను పక్కన పెట్టుకోండి.

పదేళ్లుగా ఫైళ్లు పంపడానికి ఎఫ్‌టీపీ అనే పద్ధతినే వాడుతున్నాం. ఒక్కరోజు కూడా ఇబ్బంది రాలేదు. ఇప్పుడెందుకు మార్చాలి?

ఇబ్బంది రాకపోవడం వేరు, వచ్చినా మీకు తెలియకపోవడం వేరు. ఎఫ్‌టీపీలో యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఫైలు మూడూ ఉన్నవి ఉన్నట్టుగానే ప్రయాణిస్తాయి. దారిలో కూర్చున్నవాడికి వాటిని చదవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాము చాలు. దారి అంటే ఎక్కడో సముద్రం అడుగున ఉన్న కేబులే అనుకోవద్దు. మిల్లు ఆఫీసు వైఫైని లారీ డ్రైవర్ల నుంచి పత్తి బయ్యర్ల దాకా అందరూ వాడుతుంటారు, దాని పాస్‌వర్డ్ కాంటా గది గోడ మీద మార్కరుతో రాసి ఉంటుంది. బేళ్ల లెక్క పంపే కంప్యూటరూ అదే వైఫై మీద ఉంటుంది.

ఎఫ్‌టీపీ తొలి పత్రాన్ని 1971 ఏప్రిల్‌లో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్ది యంత్రాలే, వాటి ముందు కూర్చునేవాళ్లు దాదాపు అందరూ పరిశోధకులే. మధ్యలో దొంగ ఉంటాడన్న ఊహతో కట్టిన ఇల్లు కాదది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లోనే ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి. మీ స్క్రిప్టు మాత్రం ఇంకా వదలలేదు.

ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్ రెండూ ఒకటేనా?

కాదు. పేర్లు కవలల్లా ఉన్నా పుట్టుకలు వేరు. ఎఫ్‌టీపీఎస్ అంటే పాత ఎఫ్‌టీపీనే, దానికి వెబ్‌సైట్లు వాడే టీఎల్‌ఎస్ తొడుగు వేశారు. ఎస్‌ఎఫ్‌టీపీకి ఎఫ్‌టీపీతో చుట్టరికం లేదు, అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంతో రహస్యంగా మాట్లాడే పద్ధతి) లోపల నడుస్తుంది, పోర్టు 22 ఒక్కటి తెరిస్తే చాలు. ఎస్‌ఎస్‌హెచ్‌ను 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తాతు యులోనెన్ రాశారు. కారణం సరిగ్గా పై ప్రశ్నలో చెప్పుకున్నదే: ఆ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా పోగు చేశారు.

ఎంచుకునే వీలు మీకుంటే ఎస్‌ఎఫ్‌టీపీ తీసుకోండి. అవతలి కంపెనీ ఎఫ్‌టీపీఎస్సే అంటే ఆ సంగతి కింద వేరుగా ఉంది.

పోర్టు 22కు మారాం, ఎస్‌ఎఫ్‌టీపీ పనిచేస్తోంది. ఇక నిశ్చింతేనా?

సగం పని అయింది. ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపడం, దారిలో ఉన్నవాడిని చదవనివ్వదు. అవతల ఉన్నది ఎవరో మాత్రం అది చెప్పదు. గోనెసంచి మూతిని ఎంత బిగించి కుట్టినా, ఎక్కించింది పరాయివాడి లారీలో అయితే సరుకు పోయినట్టే.

అవతల ఉన్నది మన సర్వరే అని తేల్చేది హోస్ట్ కీ. ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దగ్గరా ఒక రహస్య కీ ఉంటుంది. కలిసిన ప్రతిసారీ ఆ కీ తన దగ్గర ఉందని అది రుజువు చేసి చూపాలి. ఆ కీకి జంటగా ఉండే బహిరంగ కీని కుదించి రాస్తే వచ్చేదే వేలిముద్ర. మనిషి కూర్చుని మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ప్రోగ్రాము ఆ వేలిముద్రను తెర మీద చూపించి, ఈ సర్వర్ నాకు తెలియదు, నమ్మమంటారా అని అడుగుతుంది. మనలో నూటికి తొంభై మంది దాన్ని చదవకుండానే ‘ఎస్’ కొట్టి ముందుకు పోతారు.

స్క్రిప్టు దగ్గర ఆ మాత్రం ఆగి అడిగే అవకాశం కూడా లేదు. అది రాత్రి రెండింటికి నడుస్తుంది. అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు, అనుమానించే బుద్ధి దానికి ఉండదు. కాబట్టి ఎవరిని నమ్మాలన్న నిర్ణయాన్ని పగటిపూట ఒక మనిషి తీసుకుని, ఆ వేలిముద్రను ముందే రాసిపెట్టాలి. ఈ పుటలో మిగతా జవాబులు చాలావరకు దీని చుట్టూ తిరిగేవే.

ఇంకొక్క మాట. నకిలీ సర్వర్ దగ్గరకు పాస్‌వర్డ్‌తో వెళ్తే పాస్‌వర్డే పోతుంది, దొంగ దానితో తీరిగ్గా అసలు సర్వర్‌లోకి వెళ్తాడు. పాస్‌వర్డ్‌కు బదులు మీ సొంత కీతో వెళ్తే ఆ ప్రమాదం లేదు, మీ కీ చేసిన సంతకం ఆ ఒక్క సెషన్‌కే చెల్లుతుంది. కానీ మీరు పంపిన ఫైలు మాత్రం వాడి చేతిలో పడుతుంది. లాగిన్ సరైనదే అని నకిలీ సర్వర్ బొంకితే మీ స్క్రిప్టు నమ్మి ఫైలు పెట్టేసి వస్తుంది. అందుకే ‘మేము కీ వాడుతున్నాం, హోస్ట్ కీ చూడక్కర్లేదు’ అన్న వాదన నిలవదు.

సర్వర్ వేలిముద్రను ఎక్కడి నుంచి సంపాదించాలి?

ఆ సర్వర్ నడిపేవాళ్ల నుంచి, వేరే దారిలో. వేరే దారి అంటే ఒప్పంద పత్రంలోనో పాత పర్చేజ్ ఆర్డర్‌లోనో ఉన్న ఫోను నంబరు. ‘మా సర్వర్ మారింది’ అంటూ నిన్న వచ్చిన ఈమెయిల్ అడుగున ఉన్న నంబరుకు చేసి అడిగితే ప్రయోజనం లేదు, ఈమెయిల్ పంపినవాడే ఫోనూ ఎత్తుతాడు.

వాళ్లు సర్వర్ మీదనే కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఆదేశాన్ని ‘చిన్న ఎల్’ ఐచ్ఛికంతో, బహిరంగ హోస్ట్ కీ ఫైలు మీద నడిపితే వేలిముద్ర వస్తుంది. అది ‘ఎస్‌హెచ్‌ఏ 256’ అన్న మాటతో మొదలై, తర్వాత 43 అక్షరాలు ఉంటాయి. రెండేసి అక్షరాల 16 జతలు, మధ్యలో కోలన్లు కనిపిస్తే అది పాత ఎండీ5 రూపం. ఎస్‌ఎస్‌హెచ్ కోసం ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2015లోనే దాన్ని పక్కన పెట్టింది, మీరూ కొత్తదే అడగండి.

ఫోనులో చదివించుకోవడం మాత్రం పెద్ద పరీక్ష. ఆ 43 అక్షరాల్లో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) తేడా ఉంటుంది. ‘పెద్ద ఐ’, ‘చిన్న ఎల్’, ‘అంకె ఒకటి’ మూడూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ‘ఓ’కూ సున్నాకూ అంతే. అవతలి ఆయన చెన్నైలోనో కోయంబత్తూరులోనో ఉంటే, మధ్యలో మన వైపు జిన్నింగ్ యంత్రాల హోరు ఉంటే, మూడో వరుసకు ఇద్దరికీ విసుగు పుడుతుంది. అప్పుడే మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి ‘సరే సార్, కలిసింది’ అనేస్తారు. అలా చేయవద్దు. కొన్ని అక్షరాలు మాత్రం కలిసే కీని తయారు చేయడం దొంగకు అసాధ్యం కాదు. లెటర్‌హెడ్ మీద ముద్రించి పంపమనండి, లేదా వాళ్ల లాగిన్ పోర్టల్‌లో పెట్టమనండి. మీ దగ్గర కనిపించేదాన్నీ, వాళ్లు ఇచ్చినదాన్నీ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. ఒకే సర్వర్‌కు ఆర్‌ఎస్‌ఏ, ఈసీడీఎస్‌ఏ, ఈడీ25519 అని రెండు మూడు రకాల హోస్ట్ కీలు ఉండవచ్చు. ఒక్కోదానికి ఒక్కో వేలిముద్ర. వాళ్లు ఆర్‌ఎస్‌ఏది ఇచ్చి, మీ ప్రోగ్రాము ఈడీ25519ది చూపిస్తే రెండూ నిజమే, కానీ కలవవు. అన్ని రకాల వేలిముద్రలూ ఇమ్మని అడిగితే గొడవ ఉండదు.

ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్‌తో తెచ్చుకుంటే సరిపోదా? ఒక్క లైనులో అయిపోతుంది కదా.

అది అదే నెట్‌వర్క్ మీద, అదే సర్వర్‌ను ‘నువ్వెవరు’ అని అడిగి, అది చెప్పిన జవాబును రాసుకుంటుంది. మధ్యలో దొంగ ఉంటే దొంగ కీనే తెచ్చి భద్రంగా దాచిపెడుతుంది. దాని మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. కీస్కాన్‌తో తెచ్చుకోండి, తప్పు లేదు, ఆ తర్వాత వేరే దారిలో వచ్చిన వేలిముద్రతో సరిచూసుకోండి.

స్క్రిప్టు హోస్ట్ కీ దగ్గర ఆగిపోయేది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక లైను చేరిస్తే పనిచేసింది. ఏమైనా ప్రమాదమా?

ఆ లైను ఏమిటో తెలిస్తే జవాబు మీకే తెలుస్తుంది. ప్రతి పరికరంలోనూ కళ్లు మూసుకునే మీట ఒకటి ఉంటుంది. సలహాలిచ్చేవాళ్లు ముందుగా చూపించేది దాన్నే.

విండోస్‌లో ఫైళ్లు పంపే ప్రోగ్రాము విన్‌ఎస్‌సీపీని, విండోస్ ఆదేశాల భాష పవర్‌షెల్ నుంచి వాడితే దానిలో ఒక గుణం ఉంది, దాని పేరే ‘గివ్ అప్ సెక్యూరిటీ అండ్ యాక్సెప్ట్ ఎనీ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ’. భద్రతకు నీళ్లొదిలి ఎవరి కీనైనా ఒప్పుకో అని దాని అర్థం. రాసినవాళ్లు ఇంత నిజాయితీగా పేరు పెట్టినా, దాన్ని ‘ట్రూ’ అని పెట్టిన స్క్రిప్టులు ఊరూరా ఉన్నాయి. దాన్ని తీసేసి, ‘ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్’ అన్న గుణానికి మీరు సరిచూసిన వేలిముద్రను ఇవ్వండి. స్క్రిప్టు ఫైలుతో నడిపేవాళ్లు ‘ఓపెన్’ ఆదేశానికి ‘హోస్ట్‌కీ’ మీట చేర్చి అదే ఇవ్వాలి, అక్కడ నక్షత్రం గుర్తు పెట్టకూడదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈ పని చేసేది ‘స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్’. దాన్ని ‘నో’ అంటే కొత్త కీలన్నిటినీ అడగకుండా రాసేసుకుంటుంది, మారిన కీ ఎదురైనా అరిచి ఊరుకుని ముందుకు పోతుంది. ‘యాక్సెప్ట్-న్యూ’ అని 2017 నుంచి మధ్యే మార్గం ఒకటి ఉంది: మొదటిసారి కనిపించినదాన్ని నమ్ముతుంది, తర్వాత మారితే ఒప్పుకోదు. అది ‘నో’ కన్నా వంద రెట్లు నయం, కానీ మొదటి రోజును అదృష్టానికి వదిలేస్తుంది. మా మాట వింటే ‘యెస్’ పెట్టి, తెలిసిన సర్వర్ల కీలు ఉండే నోన్-హోస్ట్స్ ఫైలులో సరిచూసిన కీని మీరే రాయండి.

పైథాన్ వాళ్ల సంగతి కొంచెం చిత్రం. ఎస్‌ఎస్‌హెచ్ కోసం వాడే పైథాన్ లైబ్రరీ పారామికోలో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ క్లాసు మొదటి నుంచీ తెలియని కీని తిరస్కరించేలాగే ఉంది. దాన్ని ‘ఆటో యాడ్ పాలసీ’తో చెడగొట్టేది మనమే. అంతకన్నా కనిపించని గొయ్యి ‘ట్రాన్స్‌పోర్ట్’ను నేరుగా వాడటం. కనెక్ట్ చేసేటప్పుడు హోస్ట్ కీని మీరుగా ఇవ్వకపోతే అది ఏమీ సరిచూడదు, ఒక్క హెచ్చరికా ఉండదు. ఇంటర్నెట్‌లో కాపీ చేసుకునే నమూనాల్లో చాలా వరకు ఇదే పద్ధతిలో ఉంటాయి. పైఎస్‌ఎఫ్‌టీపీ అనే మరో లైబ్రరీ 2016 తర్వాత కొత్త విడుదల లేకుండా పడి ఉంది, కొత్త పనికి దాన్ని తీసుకోవద్దు. ఫైళ్లు పంపే, తెచ్చే ఆదేశం కర్ల్‌లో అయితే ‘చిన్న కే’ ఐచ్ఛికం కనిపిస్తే చాలు, ఆ లైను దగ్గర ఆగండి.

‘అవతలి యంత్రం గుర్తింపు మారింది’ అంటూ పెద్ద హెచ్చరిక వచ్చింది. పాత లైను తీసేసి మళ్లీ కనెక్ట్ అవ్వమని ఒకరు చెప్పారు.

చెప్పినవారికి చెప్పడం తేలిక. తెర నిండా ‘ఎట్’ గుర్తుల గోడ కట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అరుస్తున్నదంటే కారణాలు రెండే: అవతలివాళ్లు సర్వర్ మార్చారు, లేదా మధ్యలో ఎవరో ఉన్నారు. మొదటిదే ఎక్కువగా జరుగుతుంది. అందుకే అందరూ మొదటిదే అనుకుని తుడిచేస్తారు.

ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ ఉదంతం చూడండి. 2023 మార్చి 24న ఆ సంస్థ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీని మార్చింది. రహస్య కీ కాసేపు బహిరంగ రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్‌లో) కనిపించడం వల్ల అలా చేయాల్సి వచ్చింది. ప్రపంచమంతటా స్క్రిప్టులు ఆగిపోయాయి. సంస్థ తన వెబ్‌సైట్‌లో కొత్త వేలిముద్రను ప్రకటించింది, దానితో పోల్చుకుని పాతదాన్ని తీసి కొత్తది రాసుకున్నవాళ్లు సరైన పని చేశారు.

మీరూ అంతే. స్క్రిప్టును ఆగనివ్వండి. ఫోను చేసి, మార్చారా అని అడగకుండా, ‘ఇప్పుడు మీ వేలిముద్ర ఏమిటో చదవండి’ అనండి. మార్చారా అంటే ‘మార్చే ఉంటారు లెండి’ అనే జవాబు రావడానికి వీలుంది, చదవమంటే చూసి తీరాలి. కలిస్తే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌లో ‘పెద్ద ఆర్’ ఐచ్ఛికంతో పాత కీని తీసేయండి. ఒక రాత్రి ఫైలు ఆలస్యమైతే కొనుగోలుదారు కసురుకుంటాడు, అంతకు మించి ఏమీ కాదు.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులోనే రాస్తే తప్పా?

తప్పే. స్క్రిప్టు ఒకచోట ఉండదు. పెన్‌డ్రైవ్‌లోకి, పాత కంప్యూటర్‌లోకి, సాయం అడుగుతూ పంపిన వాట్సాప్ సందేశంలోకి పాకుతుంది. పాస్‌వర్డ్ దానితోపాటే పాకుతుంది. ఆదేశపు లైనులో రాయడం అంతకన్నా నష్టం, చాలా వ్యవస్థల్లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూసే ఎవరికైనా అది కనిపిస్తుంది.

అవతలివాళ్లు ఒప్పుకుంటే పాస్‌వర్డ్‌ను వదిలి కీ జతకు మారండి. ఒప్పుకోకపోతే, విండోస్‌లో పవర్‌షెల్ వారి ‘ఎక్స్‌పోర్ట్-సీఎల్‌ఐ-ఎక్స్‌ఎమ్‌ఎల్’తో క్రెడెన్షియల్‌ను ఫైలుగా దాచుకోవచ్చు. ఏ యూజర్, ఏ యంత్రం మీద దాచితే ఆ యూజర్, ఆ యంత్రమే దాన్ని విప్పగలరు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మీ లాగిన్‌తో దాచి, టాస్క్ షెడ్యూలర్‌లో వేరే ఖాతాతో నడిపితే అది విప్పదు. ఏ ఖాతా రాత్రి నడుపుతుందో ఆ ఖాతాతోనే దాచాలి. లినక్స్‌లో వేరే ఫైలులో పెట్టి, యజమానికి తప్ప ఎవరికీ చదివే అనుమతి లేకుండా ఫైలు అనుమతిని 600గా పెట్టండి.

కీ జత ఎలా చేయాలి? పాస్‌ఫ్రేజ్ పెట్టాలా?

ఈడీ25519 రకం చేయండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2014 నుంచి దాన్ని అర్థం చేసుకుంటుంది, 2023 నుంచి ఏ రకమో చెప్పకపోతే అదే చేస్తుంది. అవతలి సర్వర్ మరీ పాతదైతే 3072 లేదా 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ. విన్‌ఎస్‌సీపీకి పీపీకే రూపం కావాలి, పుటీజెన్‌తో మార్చుకోవచ్చు. అవతలికి పంపవలసింది బహిరంగ కీ మాత్రమే. రహస్య కీతో సహా రెండు ఫైళ్లనూ జిప్ చేసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా పంపిన కీని వెంటనే పారేసి కొత్తది చేయాలి.

పాస్‌ఫ్రేజ్ (కీ ఫైలుకే వేసే పాస్‌వర్డ్) సంగతి వాదనకు లొంగదు. రాత్రి తనంతట తాను నడిచే స్క్రిప్టుకు పాస్‌ఫ్రేజ్ పెట్టి, ఆ పాస్‌ఫ్రేజ్‌ను పక్క ఫైలులోనే రాసిపెడితే తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసినట్టు అవుతుంది. స్క్రిప్టు కీకి పాస్‌ఫ్రేజ్ లేకపోయినా ఫరవాలేదు, కానీ ఆ కీ మరే పనికీ పనికిరాకుండా కట్టడి చేయాలి. మీరు సొంతంగా లాగిన్ అయ్యే కీకి మాత్రం తప్పనిసరిగా పెట్టండి. రెండింటికీ ఒకే కీ వాడకండి.

ఆ కట్టడి ఏమిటి?

ఇది సర్వర్ నడిపేవాళ్ల పని, మీరు అడిగి చేయించుకోవాలి. ఎవరి కీలను లోపలికి రానివ్వాలో రాసి ఉండే ఆథరైజ్డ్-కీస్ ఫైలులో ఆ కీ ముందు ‘రెస్ట్రిక్ట్’ అని రాస్తే టెర్మినల్, పోర్టు ఫార్వర్డింగ్ వంటివన్నీ మూతపడతాయి. ‘ఫ్రమ్’ అని ఐపీ చిరునామా రాస్తే అక్కడి నుంచి తప్ప పనిచేయదు. సర్వర్ సెట్టింగుల్లో ‘ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ’ని బలవంతం చేస్తే ఆ ఖాతా ఫైళ్లు పెట్టగలదు, తీయగలదు, ఇంకే ఆదేశమూ ఇవ్వలేదు. ‘క్రూట్’తో ఒక ఫోల్డర్‌కు బంధించవచ్చు. ఆ పై ఫోల్డర్ రూట్ (సర్వర్ ప్రధాన అడ్మిన్ ఖాతా) పేరు మీద ఉండాలి, ఇతరులకు రాసే అనుమతి ఉండకూడదు. లేకపోతే లాగిన్ అవుతూనే కనెక్షన్ తెగిపోతుంది, కారణం సర్వర్ లాగ్‌లో తప్ప ఎక్కడా కనిపించదు. ఫైళ్లు పెట్టడానికి లోపల మరో ఫోల్డర్ చేసుకోవాలి.

చేత్తో నడిపితే చక్కగా పనిచేస్తుంది. షెడ్యూలర్‌లో పెడితే నడవదు.

దాదాపు ప్రతిసారీ ఖాతా తేడానే. మీరు తెర ముందు ఒకసారి ‘ఎస్’ కొట్టిన హోస్ట్ కీ మీ ఖాతాలో దాచుకుని ఉంటుంది, షెడ్యూలర్ ఖాతాకు ఆ సంగతి తెలియదు. కీ ఫైలు దారి, లినక్స్ షెడ్యూలర్ క్రాన్‌లో పాత్ వేరియబుల్ (ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా ఇంతే. స్క్రిప్టులో అన్ని దారులూ పూర్తిగా రాయండి, వేలిముద్రను స్క్రిప్టులోనే ఇవ్వండి. విన్‌ఎస్‌సీపీలో ‘ఐఎన్ఐ నల్’ మీటతో నడిపితే మీ సొంత సెట్టింగుల నీడ స్క్రిప్టు మీద పడదు. ఎస్‌ఎఫ్‌టీపీ ఆదేశాన్ని వాడేవాళ్లు ‘బ్యాచ్ మోడ్’ పెట్టండి. అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతూ తెల్లవార్లూ వేలాడకుండా వెంటనే విఫలమై చెబుతుంది.

కరెంటు పోయి ఫైలు సగంలో ఆగింది. అవతలివాళ్లు సగం ఫైలునే లెక్కలోకి తీసుకున్నారు.

ఈదురుగాలుల నెలల్లో ఇది మన దగ్గర సర్వసాధారణం. సీజన్‌లో రోజుకు వందల బేళ్లు కట్టే మిల్లు ఫైలు సగంలో తెగితే, ఒక్కో బేలు సుమారు 170 కిలోల చొప్పున ఎంత సరుకు కాగితం మీద మాయమవుతుందో లెక్క వేసుకోండి.

ఫైలును అసలు పేరుతో పెట్టవద్దు. చివర ‘పార్ట్’ అని తగిలించి పంపండి, పూర్తిగా చేరిన తర్వాత అసలు పేరుకు మార్చండి. అవతలి ప్రోగ్రాము ‘పార్ట్’ ఉన్నవాటిని ముట్టుకోకూడదని ముందే మాట్లాడుకోవాలి. పేరు మార్చే ముందు రెండు వైపులా సైజు పోల్చండి. అదే పేరుతో పాత ఫైలు అక్కడ ఉంటే కొన్ని సర్వర్లు పేరు మార్చనివ్వవు, అందుకని పేరులో తేదీ, సమయం ఉంచండి. ఫైలు పేరు తెలుగులో పెట్టకండి. లోపలి సమాచారం తెలుగులో ఉంటే బాధ లేదు, పేరు మాత్రం ఆంగ్ల అక్షరాలు, అంకెల్లో ఉంటేనే అన్ని సర్వర్లతోనూ పొసగుతుంది.

ఇక ముఖ్యమైనది ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే అంకె. సున్నా వస్తే పని అయింది, మరేది వచ్చినా కాలేదు. దాన్ని చూడకుండా చివరి లైనులో ‘ఫైలు విజయవంతంగా పంపబడింది’ అని రాసే స్క్రిప్టులు మేము ఎన్నో చూశాం. అవి ఇంటర్నెట్ లేని రోజు కూడా విజయవంతంగానే పంపుతాయి.

అవతలి కంపెనీ ఎఫ్‌టీపీఎస్ తప్ప వేరేది లేదంటోంది.

వాడండి, నాలుగు చోట్ల జాగ్రత్త. ఇక్కడ వేలిముద్రకు బదులు సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని సరిచూడటం ఆపకండి. కర్ల్‌లో ‘ఎస్‌ఎస్‌ఎల్’ అన్న ఐచ్ఛికం టీఎల్‌ఎస్ దొరికితే వాడుతుంది, దొరకకపోతే మాట్లాడకుండా మామూలు ఎఫ్‌టీపీకి దిగిపోతుంది. కావలసింది ‘ఎస్‌ఎస్‌ఎల్-రెక్డ్’. పైథాన్ ఎఫ్‌టీపీ-టీఎల్‌ఎస్‌లో ‘ప్రాట్-పీ’ని పిలవకపోతే పాస్‌వర్డ్ దాగుతుంది కానీ ఫైలు తెరిచే వెళ్తుంది. పైగా సర్టిఫికెట్‌ను సరిచూడాలంటే ఎస్‌ఎస్‌ఎల్ డిఫాల్ట్ కాంటెక్స్ట్‌ను మీరే ఇవ్వాలి. నాలుగోది ఫైర్‌వాల్. ప్రతి ఫైలుకూ వేరే పోర్టు తెరుచుకుంటుంది, ఆదేశాలన్నీ రహస్యంగా వెళ్తాయి కాబట్టి ఏ పోర్టు తెరవాలో ఫైర్‌వాల్‌కు అర్థం కాదు. ఏ పోర్టుల శ్రేణి వాడుతున్నారో అవతలివాళ్లను అడిగి తెరిపించుకోవాలి.

కాంటా గదిలోని పాత కంప్యూటర్‌లో బ్యాటరీ అయిపోయి, కరెంటు వచ్చిన ప్రతిసారీ తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంటే సర్టిఫికెట్ చెల్లదని వస్తుంది. సర్టిఫికెట్ తనిఖీ ఆపేయకండి, ఆ నాణెం బ్యాటరీ మార్చండి.

మా ఐపీ చిరునామా రోజూ మారుతోంది. అవతలివాళ్లు ఒకే ఐపీ ఇమ్మంటున్నారు.

మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే ఐపీని ఎందరో పంచుకోవడం, అది మారుతుండటం సహజం. స్టాటిక్ ఐపీని విడిగా కొనుక్కోవాలి, లేదా స్థిరమైన ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ యంత్రం నుంచి పంపాలి. ఐపీ సరిపోయింది కదా అని కీ, వేలిముద్ర వదిలేయకండి.

అప్‌డేట్ తర్వాత పాత సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదు, హోస్ట్ కీ రకం కలవడం లేదంటోంది.

2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ-1తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. సర్వర్‌ను అప్‌డేట్ చేయించడమే పరిష్కారం. అంతవరకూ తప్పకపోతే ఆ ఒక్క సర్వర్ పేరు కిందనే సడలింపు రాయండి, అన్నిటికీ కాదు.

ఇదంతా ఎందుకు, వాట్సాప్‌లో పంపితే పోదా?

రోజుకు ఒక ఫైలు, పంపేది మనిషి, పోయినా నష్టం లేదు అంటే పంపండి. రోగుల రిపోర్టులు, రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు అయితే వద్దు.

అన్నీ సరిగ్గా చేసినా సమాచారం పోయే వీలుందా?

ఉంది. 2023 మే చివర్లో మూవ్‌ఇట్ అనే ఫైల్ బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపంతో (డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు చొప్పించే వీలుతో) క్లాప్ అనే సైబర్ ముఠా ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సంస్థల ఫైళ్లు ఎత్తుకుపోయింది. పంపినవాళ్ల స్క్రిప్టుల్లో తప్పేమీ లేదు, లోపం సర్వర్‌లో ఉంది. అందుకని ముఖ్యమైన ఫైలును పంపే ముందే జీపీజీ అనే ప్రోగ్రాముతో ఎన్‌క్రిప్ట్ చేయండి. అవతలివాళ్లు తీసుకున్న వెంటనే సర్వర్ మీది ప్రతిని తుడిచేయించండి. అక్కడ లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచాలి?

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, ఆదేశాల్లో చెప్పిన తరహా భద్రతా ఘటనలను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. లాగ్‌లో ఫైలు పేరు, సైజు, సమయం, ఎగ్జిట్ కోడ్, కలిసిన వేలిముద్ర ఉంటే చాలు. డీబగ్ లాగ్‌ను అన్నివేళలా నడపవద్దు, కొన్ని పరికరాలు అడిగితే పాస్‌వర్డ్‌ను కూడా అందులో రాసేస్తాయి.

స్క్రిప్టు చూసుకునే ఆపరేటర్ ఉద్యోగం మానేశారు. ఏమేమి మార్చాలి?

ముందు అవతలివాళ్లకు చెప్పి ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ మార్పించండి. ఆథరైజ్డ్-కీస్‌లో ఆయన కీ ఉన్న లైను తీయించండి. కీ చివర వ్యాఖ్యలో పేరు, నెల రాసి ఉంటే ఏది ఎవరిదో వెతకాల్సిన పని ఉండదు. స్క్రిప్టు కీ ఉన్న యంత్రం ఆయన చేతిలో ఉండేది కాబట్టి ఆ కీనీ కొత్తది చేయాలి. సర్వర్ హోస్ట్ కీని మార్చక్కర్లేదు, ఆయనకు ఆ సర్వర్‌లో అడ్మిన్ హక్కు ఉంటే తప్ప.

ఆయన విండోస్ ఖాతాను మూసే ముందు టాస్క్ షెడ్యూలర్ తెరిచి ఏ పని ఎవరి పేరు మీద నడుస్తోందో చూడండి. చాలా చోట్ల అది మానేసిన మనిషి పేరు మీదే ఉంటుంది, ఖాతా మూసిన రాత్రే ఫైలు ఆగిపోతుంది. స్క్రిప్టు కోసం విడిగా ఒక ఖాతా పెట్టి, పనులన్నీ దాని మీదకు మార్చి, ఒక రాత్రి నడిచిందని లాగ్‌లో చూసుకున్నాకే పాత ఖాతాను మూయండి.